పలకమ్మకి మాటలొచ్చిన రోజులు

ఉలకదు పలకదు కాబట్టి ఆ పిల్లకి పలకమ్మ అని పేరు పెట్టారు. పెట్టింది పెద్దమ్మ కొడుకులు. పిల్లలు పెట్టే పేర్లకి జాలీ దయా ఉండవు గానీ గురి మాత్రం తప్పదు. అసలు పేరు బళ్ళో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి నోటా వచ్చేది కాదు. అక్కడ కూడా ఆమె చెయ్యెత్తి ఊరుకునేది.

తల్లి పోయేనాటికి పలకమ్మకి రెండేళ్ళు నిండి కొన్ని నెలలు. జ్వరమని ఆస్పత్రికి తన కాళ్ళ మీద నడిచివెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. తండ్రి అంతకుముందే పని వెతుక్కుంటానని పోయాడు. పని దొరికిందో లేదో గానీ, తిరిగొచ్చే దారి మాత్రం ఆయనకి దొరకలేదు. తల్లికి అక్క అయిన పెద్దమ్మ పిల్లని చంకనేసుకుని తనింటికి తెచ్చుకుంది.

పెద్దమ్మ చెడ్డది కాదు. ఎవరైనా అడిగితే పలకమ్మ ముందుగా చెప్పే మాట అదే. ఒక పెద్ద వంటశాలలో గంగాళాలు తోమి, నానిపోయిన వేళ్ళతో పొద్దుగూకాక ఇంటికొచ్చే మనిషి ఆవిడ. కడుపున పుట్టినవాళ్ళు నలుగురు, వాళ్ళకి తోడు ఈ పిల్ల. అయిదుగురికీ ఒకేలా వడ్డించేది. ఒకరికి గట్టిదీ ఇంకొకరికి నీళ్ళదీ వెయ్యడం ఆ ఇంట్లో లేదు. కాకపోతే ‘తిన్నావా’, ‘జరుగు’, ‘పడుకో’, ఈ మూడూ దాటి మాట్లాడే ఓపిక ఆవిడకి ఏ పూటా మిగిలేది కాదు.

సాయంత్రం ఆవిడ గుమ్మంలో కాలు పెట్టగానే నలుగురూ ‘అమ్మా’ అంటూ మీదపడేవాళ్ళు. పలకమ్మ గోడవార నిలబడి చూసేది. ఆ మాట తనకీ అనాలనే ఉండేది. పెదాలు కలిపేది, విడదీసేది, గొంతు మాత్రం కలిపేది కాదు. ‘పెద్దమ్మా’ అని పిలవాల్సినచోట ‘అమ్మా’ అంటే నలుగురూ నవ్వుతారని భయం. తల్లి మొహం ఆమెకి గుర్తులేదు. ఇంట్లో ఫోటో లేదు. చూసిన మనిషి మీద బెంగ పెట్టుకుంటే కనీసం ఎవరి కోసమో తెలుస్తుంది. ఈమెకి ఆకలి వేస్తూనే ఉండేది, ఏం తింటే తీరుతుందో తెలిసేది కాదు.

ఎదిగాక దుప్పట్ల లాండ్రీలో పనికి చేరింది. హోటళ్ళ నుంచీ ఆస్పత్రుల నుంచీ లారీల్లో మాసిన దుప్పట్లు వచ్చిపడతాయి. ఉతికే యంత్రాలూ ఆరబెట్టే యంత్రాలూ కలిసి పెట్టే రొదకి పక్కనున్నవాళ్ళు అరిచినా వినబడదు. మడతలు పెట్టే బల్ల దగ్గర ఇద్దరిద్దరు. చెరో రెండు కొసలూ పట్టుకుని దూరంగా జరిగి లాగాలి, దగ్గరకొచ్చి కొసలు కలపాలి, మళ్ళీ జరగాలి. అందరూ సైగలతో బతికే చోట మాట్లాడని మనిషి వింతగా కనబడదు. పలకమ్మకి ఆ ఉద్యోగం భలే నచ్చింది.

ఆ లాండ్రీ గోడలకి రంగులెయ్యడానికి వచ్చాడు పెయింటరు. గోడకి బ్రష్షు ఆనిస్తే గోడతో కూడా కబుర్లు పెట్టుకునే రకం. టీ తాగే వేళల్లో పలకమ్మ పక్కన చేరి వాళ్ళ మేస్త్రీ గురించీ, నిచ్చెనల గురించీ, పావురాల గురించీ చెప్పుకుపోయేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి అన్నాడు. “నేనొకటి అడుగుతాను. ఇష్టం లేకపోతే తల అడ్డంగా ఊపండి. ఊరుకుంటే సరేననే లెక్క.”

అడిగాడు. ఆమె తల ఊపలేదు. నవ్వొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “అమ్మయ్య. ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఒకరు చాలు. ఇద్దరైతే గొడవలే,” అన్నాడు.

కాపురం మూడో అంతస్తులో ఒక్క గది. కింద రేకులు కోసే షెడ్డు, నీళ్ళ కుళాయి. కిటికీ తీస్తే పక్కింటి గోడ చేతికందుతుంది. పెయింటరు పని జరిగిన ప్రతిచోటి నుంచీ డబ్బా అడుగున మిగిలిన రంగు తెచ్చి గదిలో ఒక గోడకి పూసేవాడు. ఒక్కో పట్టీ ఒక్కో రంగు. “ఇది బ్యాంకు. ఇది పళ్ళ డాక్టరు. ఈ పసుపుపచ్చది ఎవరికీ నచ్చలేదు, మనకి ఎక్కువ మిగిలింది,” అని చెప్పేవాడు.

పలకమ్మకి కడుపు పండింది. ఆస్పత్రిలో పరీక్షకి వెళ్ళినప్పుడు నర్సు చెప్పింది, తల్లీబిడ్డల కేంద్రం నుంచి ఒకావిడ వారం వారం ఇంటికి వస్తుందని, బిడ్డకి రెండేళ్ళు నిండేదాకా వస్తూనే ఉంటుందని. మర్నాడు లాండ్రీలో తోటి మనిషి చెవిలో నోరుపెట్టి అరిచింది. “రానివ్వకు! లేనోళ్ళ ఇళ్ళు చూసిపోడానికే వస్తారంట. సరిగ్గా చూసుకోవట్లేదని పిల్లల్ని పట్టుకుపోతారంట!”

అందుకే మొదటిసారి తలుపు చప్పుడైనప్పుడు పలకమ్మ తియ్యలేదు. ఊపిరి బిగబట్టి మంచం కోడు పట్టుకుని కూచుంది.

“అమ్మాయ్, తియ్యకపోయినా ఏం పర్లేదు,” అంది బయటి గొంతు. “మీ మెట్లెక్కేసరికి నా మోకాళ్ళు నన్ను తిడుతున్నాయి. వాటి కోపం తగ్గేదాకా ఇక్కడ కూచుంటాను.” కూచుంది. కింద షెడ్డులో రేకుల మోత గురించి కాసేపు, ఎవరో మెట్ల మీద వదిలేసిన ఒంటి చెప్పు గురించి కాసేపు మాట్లాడి వెళ్ళిపోయింది. పై వారమూ వచ్చింది. అప్పుడూ తలుపు తెరుచుకోలేదు, అప్పుడూ కబుర్లు చెప్పి వెళ్ళింది. ఆ తరువాతి వారం ఆవిడ మాటల మధ్యలో ఉండగా పెయింటరు పని నుంచి పెందలాడే వచ్చాడు.

“లోపల మనిషి ఉండగా తలుపుతో మాట్లాడుతున్నారేంటండీ?”

“మీ ఆవిడకన్నా ఈ తలుపే నయం బాబూ. అప్పుడప్పుడూ కిర్రుమనైనా అంటుంది.”

లోపల పలకమ్మకి ఆపుకోలేని నవ్వొచ్చింది. ఆ నవ్వు బయటికి వినబడింది. ఇంక తియ్యక తప్పింది కాదు.

వచ్చినావిడకి యాభైకి దగ్గర్లో ఉంటాయి. నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసి, భుజానికి తన బరువుకి మించిన సంచి తగిలించుకుంది. పేరేమిటో చెప్పింది గానీ ఆ ఇంట్లో ఆమె మొదటి రోజు నుంచీ సంచి అక్కే. ఆ సంచిలో ఏం సరంజామా ఉందోనని పలకమ్మ భయపడింది. తీరా చూస్తే గుడ్డపీలికల బంతి, చెక్క గరిటె, చిన్న అద్దం, మూలలు నలిగిన బొమ్మల పుస్తకం. సంచి అక్క గోడల పెచ్చుల వైపు చూడలేదు, మూతలు తీసి చూడలేదు. కాళ్ళు వాస్తున్నాయా, నిద్ర పడుతోందా అని అడిగింది. మంచినీళ్ళు అడిగి తాగింది. వెళ్ళబోతూ, “కడుపులో ఉన్నదానికి నీ గొంతు వినబడుతూ ఉంటుంది. దానితో మాట్లాడుతూ ఉండు,” అంది.

పలకమ్మ చాలాసేపు ఆలోచించి నోరు విప్పింది. “ఏం మాట్లాడను దానితో?”

“ఇదే. ‘ఏం మాట్లాడను’ అని నన్నడిగావే, ఆ మాటే దాన్నీ అడుగు.”

పలకమ్మ అడగలేదు. ఎవరైనా వింటే పిచ్చిదనుకుంటారని సిగ్గు.

ఆడపిల్ల పుట్టింది. గుండ్రంగా, బుగ్గలతో ఉందని తండ్రి బుడంకాయ అన్నాడు, అదే ఖాయమైపోయింది. పలకమ్మ బిడ్డ పనుల్లో ఏ లోటూ రానివ్వలేదు. పాలు, స్నానం, ఉతికిన గుడ్డలు, అన్నీ లాండ్రీ పనంత శుభ్రంగా, లాండ్రీలో లాగే నోరు మెదపకుండా. బుడంకాయ తల్లి మొహంలోకి చూసి చూసి, అక్కడ ఏమీ దొరక్క, రంగుల గోడ వైపు తిరిగిపోయేది. ఆ సంగతి సంచి అక్క కనిపెట్టింది గానీ తప్పుపట్టలేదు. పిల్లని పలకమ్మ మోకాళ్ళ మీద, తల్లి మొహానికి ఎదురుగా పడుకోబెట్టించింది.

“కాసేపు చూద్దాం. తొందర లేదు.”

ఇద్దరూ చూస్తున్నారు. బుడంకాయ పిడికిళ్ళు విప్పి, మూసి, “ఉంగా” అంది.

“అది ఒక మాట అంది. ఇప్పుడు నీ వంతు.”

సభలో ఉపన్యాసానికి లేచినదానిలా పలకమ్మ గొంతు సవరించుకుంది. “ఊఁ,” అంది. పిల్ల కాళ్ళాడించడం ఆపేసింది. కళ్ళు ఇంతవి చేసుకుని మళ్ళీ “ఉంగా” అంది. “అవునా?” అంది పలకమ్మ. పిల్ల ఒళ్ళంతా కదిలిపోతూ బోసినోరు తెరిచి నవ్వింది. పలకమ్మ గబుక్కున మొహం పక్కకి తిప్పుకుంది. తన నోటి నుంచి ఊడిపడే మాట కోసం ఒక మనిషి అలా కళ్ళు అప్పగించి కాచుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే చూడ్డం.

తరువాత గేట్లు ఎత్తేసినట్టే అయింది. మొదట చేసే పని చెప్పేది. ఇదిగో నీళ్ళు పోస్తున్నా, ఇదిగో గుడ్డ మడత పెడుతున్నా, కొసకి కొస కలపాలి, లేకపోతే లాండ్రీలో సూపర్‌వైజరు తిడతాడు. ఆ తరువాత లాండ్రీలో ఎవరు ఎవరితో అలిగారో చెప్పేది. ఒక సాయంత్రం పెయింటరు మెట్లెక్కుతూ లోపల ఆడమనిషి గొంతు గలగలా మాట్లాడటం విని, ఎవరో చుట్టాలొచ్చారనుకుని, వసారాలో ఆగి తల దువ్వుకుని మరీ లోపలికొచ్చాడు. లోపల తల్లీ కూతురూ తప్ప ఎవరూ లేరు. “ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాచావే?” అన్నాడు, ఆ రాత్రికి తన వంతు రాదని తెలిసి.

వారంలో సంచి అక్క వచ్చే రోజంటే పలకమ్మకి పొద్దున్నించీ చెవులు మెట్ల మీదే. ఆగి ఆగి ఎక్కే ఆ అడుగులు రెండో అంతస్తులో ఉండగానే గుర్తుపట్టేది. సంచి అక్క వస్తూనే ముందు ఆమె వైపు చూసేది. “తిన్నావా?” అని అడిగేది. అవే మాటలు పెద్దమ్మా అడిగేది గానీ, ఈవిడ అడిగి ఆగేది. జవాబు కోసం ఆగేది.

బుడంకాయ పాకే రోజుల్లో పెయింటరు పరంజా మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, కాలు విరిగింది. నెలల తరబడి కట్టుతో మంచాన ఉండిపోయాడు. ఇల్లు గడవడానికి పలకమ్మ మళ్ళీ లాండ్రీలో తెల్లారుజాము షిఫ్టుకి వెళ్ళాలి, పిల్లని ఆయన చూసుకోవాలి. “నాకేం తెలుసండీ చంటిపిల్ల సంగతి? మగాణ్ణి,” అన్నాడు సంచి అక్కతో.

“గోడలతో కూడా మాట్లాడతారని విన్నాను. ఇది గోడకన్నా బాగా వింటుంది,” అని పిల్లని తెచ్చి ఆయన ఒడిలో కూచోబెట్టింది సంచి అక్క. ఆయన కాసేపు బిక్కమొహం వేసుకున్నాడు. ఆ తరువాత రంగుల గోడ వైపు వేలు పెట్టి చూపించాడు. “ఇదిగో, ఇది బ్యాంకు. లోపల చాలా చల్లగా ఉంటుంది. ఇది పళ్ళ డాక్టరు. నీకింకా పని లేదులే.” బుడంకాయ ఆయన వేలు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. ఆ రోజు నుంచి పొద్దున పూట గది ఆ ఇద్దరిదే.

అయినా అన్ని రోజులూ అలా గడవలేదు. పళ్ళొచ్చే జ్వరంతో పిల్ల ఒకటే ఏడుపు. కాలు సలుపుతో, పనిలేని చిరాకుతో ఆయన కేకలు. ఒక మధ్యాహ్నం పలకమ్మ షిఫ్టు నుంచి వచ్చేసరికి ఆ రెండూ తారస్థాయిలో ఉన్నాయి. పిల్లని ఎత్తుకుంది, ఊపింది, పాలిచ్చింది. ఏదీ పనిచెయ్యలేదు. రెండు భుజాలూ పట్టుకుని మొహానికి ఎదురుగా ఎత్తింది. పిల్ల భుజాల మీద తన వేళ్ళు బిగుసుకుంటున్నాయని ఆమెకే తెలిసింది. గబగబా చాప మీద పడుకోబెట్టి, బయటికొచ్చి, తలుపు దగ్గరికి లాగి, మెట్ల మీద చెవులు మూసుకుని కూచుంది.

వేళ్ళు బిగుసుకున్న సంగతి మొగుడికి చెప్పలేదు. సంచి అక్క వచ్చినప్పుడు ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి స్నేహితుడొచ్చాడు, ఇంట్లో ఇద్దరే మిగిలారు. పలకమ్మ గోడ వైపు చూస్తూ చెప్పేసింది. చెప్పి, “ఇప్పుడు పిల్లని పట్టుకుపోతారా?” అని అడిగింది.

“ఎందుకు పట్టుకుపోతాం? నువ్వు కింద పెట్టావు కదమ్మా.”

“ఇంకొంచెమైతే...”

“ఆ ఇంకొంచెం దాకా వెళ్ళలేదు. అలాంటప్పుడు చేతులకి తెలియాల్సింది అదొక్కటే, కింద పెట్టడం. మళ్ళీ అలా అనిపిస్తే మళ్ళీ కింద పెట్టు, మళ్ళీ మెట్ల మీద కూచో. నీ ఊపిరి కుదుటపడ్డాక లోపలికి రా. కాసేపు ఏడిస్తే దానికేం కాదు.”

సంచి అక్క లేచి, ఏ డబ్బాలో ఏముందో అడిగి, తనే టీ పెట్టింది. గ్లాసు తెచ్చి పలకమ్మ చేతికిచ్చింది. ఒకరు పెట్టి చేతికందించిన టీ తాగడం పలకమ్మకి గుర్తున్నంతలో అదే మొదలు. తాగుతూ ఉంటే సంచి అక్క ఆమె తల మీద చెయ్యి వేసింది. వేసి తీసేసింది, ఎంతోసేపు ఉంచలేదు. ఆ చెయ్యి ఇంకాసేపు ఉంటే బాగుండునని ఆ వారమంతా అనిపించింది.

ఇంకో రోజు పలకమ్మ బిడ్డని నిద్రపుచ్చుతోంది. వీపు మీద రెండుసార్లు తట్టి, ఆగి, చెయ్యి మెడ దాకా నిమిరి, మళ్ళీ రెండుసార్లు తట్టడం ఆమె పద్ధతి. సంచి అక్క పరీక్షగా చూసి, “భలే ఉందే. ఎవరు నేర్పారు, మీ పెద్దమ్మా?” అని అడిగింది.

“పెద్దమ్మకి అంత తీరికెక్కడిది? ఎవరూ నేర్పలేదు. దానంతటదే వచ్చింది.”

“అయితే నిన్నెవరో ఇలా తట్టి ఉంటారు,” అంది సంచి అక్క మామూలుగా, సంచి సర్దుకుంటూ.

ఆ మాట పలకమ్మ గుండెలో ముల్లులా దిగబడిపోయింది. ఆవిడ వెళ్ళాక తన చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఆ వారాంతం పిల్లని చంకనేసుకుని పెద్దమ్మ ఇంటికి పోయింది. పెద్దమ్మ ఇప్పుడు పని మానేసి, కీళ్ళ నొప్పులతో ఇంటిపట్టునే ఉంటోంది.

“పెద్దమ్మా, మా అమ్మ ఎలా ఉండేది?”

ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. పెద్దమ్మ చేతిలో పని కింద పెట్టింది. “మీ అమ్మా? అది వసపిట్ట. వాగి వాగి చంపేది. నువ్వు పుట్టాక ఇంక పట్టపగ్గాలుండేవా? పొద్దున లేచింది మొదలు నీతో ఒకటే సోది. చంటిదానికేం అర్థమవుతుందే అని నేను తిట్టేదాన్ని.”

“నేను మాట్లాడేదాన్నా అప్పుడు?”

“అయ్యో, ఎందుకు మాట్లాడవు? తల్లికి తగ్గ కూతురివి. ఇక్కడికి తెచ్చిన కొత్తలో గుమ్మంలో కూచుని వచ్చేపోయే ప్రతివాళ్ళనీ అడిగేదానివి, అమ్మేదీ, అమ్మెప్పుడొస్తుందీ అని. జవాబు చెప్పలేక చచ్చేవాళ్ళం. కొన్నాళ్ళకి అడగడం మానేశావు. తరువాత తరువాత అసలు మాటలే మానేశావు.” పెద్దమ్మ చీర అంచు వేలికి చుట్టుకుంది. “పిల్ల బుద్ధిమంతురాలైంది, కుదుటపడింది అనుకున్నానే నేను. నలుగురితో వేగలేక చస్తున్న రోజులు. ఒక నోరు మూతపడితే హాయి అనుకున్నాను.”

పలకమ్మకి కోపం రాలేదు. పెద్దమ్మ వేళ్ళు చూస్తే ఎవరికీ రాదు. ఒక్కటే అడిగింది. “నన్ను ఎలా నిద్రపుచ్చేదో గుర్తుందా? వీపు మీద ఇలా తట్టేదా?” అని బుడంకాయ వీపు మీద తట్టి చూపించింది.

పెద్దమ్మ కళ్ళు చికిలించి చూసింది. ఔననాలని ఆవిడకి ఎంత ఉందో మొహంలో తెలుస్తోంది. “గుర్తులేదమ్మా,” అంది చివరికి. “నేనెప్పుడూ చూడలేదు.”

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పలకమ్మ కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. గుమ్మంలో కూచుని అమ్మేదీ అని అడిగిన ఆ చిన్నప్పటి తనని ఎత్తుకుందామంటే చెయ్యి అందదు. తల్లి మాట్లాడిన మాటల్లో ఒక్కటైనా, సగమైనా, ఎవరికైనా గుర్తుంటే ఎంత బాగుండేది. అంత వాగుడూ ఎక్కడికి పోయిందో.

బుడంకాయకి రెండేళ్ళు ఇట్టే నిండిపోయాయి. పెయింటరు కొంచెం కుంటుతూ మళ్ళీ పనికెళ్తున్నాడు, నిచ్చెనెక్కే పనులు మానేసి తలుపులకీ కిటికీలకీ రంగులేసుకుంటున్నాడు. బుడంకాయ ఇల్లు దద్దరిల్లేలా మాట్లాడుతోంది. సంచి అక్క ముందు నుంచీ చెబుతూనే ఉంది, ఫలానా రోజు ఆఖరని. చెప్పినా, ఆ రోజు రానే వచ్చేసరికి పలకమ్మకి నమ్మకం కుదరలేదు. సంచి అక్క గుడ్డల బంతి బుడంకాయకి ఇచ్చేసింది. పెయింటరు దండాలు పెట్టాడు, జోకులేశాడు. పలకమ్మ చెప్పాలనుకున్నవి వారం రోజులుగా కూడబెట్టుకుంది. తీరా గుమ్మం దగ్గర నిలబడేసరికి ఒక్కటీ నోటికి రాలేదు. పాత పలకమ్మ లేచొచ్చినట్టయింది.

“జాగ్రత్తగా దిగండక్కా. కింద మెట్టు విరిగింది,” అంది.

“అలాగే తల్లీ,” అని ఆవిడ ఆమె చెంప మీద చెయ్యి ఆనించి, దిగి వెళ్ళిపోయింది.

ఆ తరువాత కొన్ని వారాలు, ఆవిడ వచ్చే రోజైతే చాలు, పలకమ్మ గది ఊడ్చి, గ్లాసులు కడిగి, ఊరికే కూచునేది. ఎవరు మెట్లెక్కినా చెవి అటే. ఒకసారి కేంద్రం దాకా వెళ్ళింది కూడా. సంచి అక్క ఎవరింటికో వెళ్ళిందన్నారు. ఎవరింటికో. ఆ మాటకి కలుక్కుమంది. ఆవిడ కూచునే ఇళ్ళు ఎన్నో ఉంటాయని తెలియక కాదు, ఎప్పుడూ అలా ఊహించుకోలేదు. బుడంకాయ మాత్రం వానాకాలం వచ్చేలోపే మర్చిపోయింది. “సంచి అక్క గుర్తుందా నీకు?” అని అడిగితే, “ఏ అక్క?” అని బంతి విసిరింది. పలకమ్మ ఆవిడ నడకా, మోకాళ్ళ మీద చెయ్యేసి నిట్టూర్చడం అభినయించి చూపించింది. పిల్ల పడీపడీ నవ్వింది గానీ గుర్తుపట్టలేదు. ఆ వయసు జ్ఞాపకాలన్నీ ఇంతే కాబోలు, తనకి మాత్రం ఏం మిగిలిందని.

మరుసటి ఏడు వాళ్ళ పై గదిలోకి కొత్త జంట దిగింది. పెళ్ళాం చిన్నపిల్ల, నిండు నెలల మనిషి. ఒకరోజు పలకమ్మ కుళాయి దగ్గర బిందె పెట్టి ఉండగా ఆగి ఆగి ఎక్కే అడుగులు వినబడ్డాయి. బిందె నిండి పొర్లిపోతోంది, ఆమెకి తెలియట్లేదు. అడుగులు మూడో అంతస్తులో ఆగలేదు. పైకెళ్ళాయి. పై తలుపు వెంటనే తెరుచుకుంది. నవ్వులు వినబడ్డాయి. ఒక్క వారమైనా తిప్పించుకోకుండా తలుపు తీసేసింది ఆ పిల్ల, ఎంత గడుసుదో అని పలకమ్మకి ఒళ్ళు మండింది. ఆ మంట ఏమిటో తెలిసి సిగ్గూ వేసింది.

దిగేటప్పుడు ఎదురుపడింది. సంచి అక్క ఆమెని చూడగానే రెండు చేతులూ పట్టుకుంది. “ఎలా ఉన్నావమ్మా? బుడంకాయ ఏదీ? ఆయన కాలెలా ఉంది?” అంది. పలకమ్మ జవాబులు చెప్పింది. “లోపలికి రండక్కా, టీ పెడతాను,” అంది.

“రావాలనే ఉంది. ఇంకో ఇంట్లో చూస్తుంటారు తల్లీ. ఇంకోసారి.” ఆవిడ చేతులు వదిలేటప్పుడు పలకమ్మ వేళ్ళు ఒక క్షణం ఆలస్యంగా వదిలాయి.

ఆ తరువాత ప్రతి వారం ఆ వేళకి పలకమ్మకి కుళాయి దగ్గర పని తగులుతూ ఉండేది. రెండు మాటలు, ఒక నవ్వు, అంతే. పై గదిలో పిల్ల పుట్టింది. ఒకసారి ఆ బాలింత పలకమ్మని పైకి పిలిచింది, తనకి తోడుగా కాసేపు ఉండమని. అదే వేళకి సంచి అక్క వచ్చింది. పలకమ్మ మూలన కూచుని చూసింది. సంచి అక్క వస్తూనే ఆ బాలింత వైపు చూసి “తిన్నావా?” అంది, అడిగి ఆగింది. ఆమె తనకి నిద్ర లేదని, పాలు చాలట్లేదని, మొగుడు విసుక్కుంటున్నాడని చెప్పుకుంటూ పోతుంటే, గదిలో ఇంకెవరూ లేనట్టు వింది. ఆ చూపులో తనకి కొంచెమైనా వాటా లేదు. ఉండకూడదు కూడా. తను ఒకప్పుడు అలా ఉండేదన్నమాట, ఆ చూపు కింద. ఆ చూపులో ఉన్నప్పుడు తనని తను చూసుకోలేకపోయింది. చంటిపిల్ల ఏడిస్తే, “ఇలా ఇవ్వమ్మా, నువ్వు మాట్లాడుకో,” అని పలకమ్మ తీసుకుని, భుజాన వేసుకుని, మెల్లగా వసారాలోకి వచ్చేసింది.

సంచి అక్క ఆ తరువాత ఎక్కువ రోజులు పనిచెయ్యలేదు. మోకాళ్ళు మొరాయించాయి, పని మానేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందని ఆమె స్థానంలో వచ్చిన కుర్ర మనిషి చెప్పింది. ఎక్కడో దూరం. పలకమ్మ ఆ ఊరి పేరు ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది.

ఇప్పుడు బుడంకాయ బడికెళ్తోంది. పలకమ్మ లాండ్రీలో కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పుతోంది, రొదలో కూడా చెవిలో అరిచి మరీ చెబుతుంది. పెద్దమ్మ ఇంటికి వెళ్ళినప్పుడల్లా తల్లి గురించి ఏదో ఒకటి అడుగుతుంది. ఒక్కోసారి కొత్త ముక్క దొరుకుతుంది, చాలాసార్లు పాతదే.

మొన్న కూతుర్ని బడి నుంచి తీసుకొస్తుంటే బస్సు స్టాపులో నెరిసిన ముడితో ఒకావిడ అటు తిరిగి నిలబడి ఉంది. భుజం ఒక పక్కకి వాలింది. పలకమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని దాదాపు పరుగెత్తింది. ఆవిడ ఇటు తిరిగింది. ఎవరో. కళ్ళద్దాలు, పెద్ద ముక్కు, బొత్తిగా తెలియని మనిషి.

పలకమ్మ ఆగిపోయింది గానీ వెనక్కి తగ్గలేదు. “అమ్మా, మార్కెట్టుకి ఏ బస్సు ఎక్కాలండీ?” అని అడిగింది.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఏ బస్సో, ఎక్కడ దిగాలో, దిగాక ఎటు తిరగాలో. పలకమ్మ ఆవిడ మొహంలోకి చూస్తూ అన్నిటికీ తలూపుతూ వింది, మధ్యలో ఒకటి రెండు అడిగి మళ్ళీ చెప్పించుకుంది.

“అమ్మా, మనం రోజూ మార్కెట్టుకి వెళ్తాం కదా! మనకి బస్సు తెలుసు కదా!” అంది బుడంకాయ కొంగు లాగుతూ.

“తెలుసులే,” అంది పలకమ్మ. “పద.”